రికార్డింగ్ కంప్యూటర్‌లో యాంటీవైరస్ తీసేయమంటున్నారు, తీసేయాలా?

డప్పు_యూసుఫ్‌గూడ

అందరికీ నమస్తే. యూసుఫ్‌గూడలో మా ఇంటి పైగదిలో చిన్న సెటప్ పెట్టుకున్నాను. బోనాల పాటలు, బతుకమ్మ పాటలు రికార్డ్ చేసి యూట్యూబ్ చానళ్ల వాళ్లకు ఇస్తుంటాను. కంప్యూటర్ 8వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, విండోస్ 10, మైకులను కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్. నెల రోజుల నుంచి టేక్ మధ్యలో టిక్, టిక్ అని చప్పుడు పడుతోంది. డప్పులో అయితే దెబ్బల మధ్య కలిసిపోతుంది కానీ మొన్న ఒక అక్క వచ్చి పాడుతుంటే, రాగం తీసి నిలబెట్టిన చోట, సరిగ్గా అక్కడే గోటితో గాజు గీసినట్టు పడింది. ఆమె మూడుసార్లు మళ్లీ పాడింది, గొంతు అలిసిపోయింది, నాకు మనసు పాడైపోయింది. తెలిసినాయన ఒకరు వచ్చి చూసి "యాంటీవైరస్ మొత్తం పీకేయ్, అప్‌డేట్లు కూడా ఆపేయ్, మ్యూజిక్ కంప్యూటర్‌లో అవేవీ ఉండొద్దు" అన్నారు. ఇదే కంప్యూటర్‌లో బ్యాంకు లాగిన్ కూడా చేస్తాను, అందుకే టెన్షన్. నిజంగా తీసేయాలా? ఆషాఢం దగ్గర పడింది, చేతిలో ఏడు పాటలున్నాయి.

పెండ్లి_కీబోర్డ్

తీసేయ్ అన్నా. నేను ఆరేళ్లుగా యాంటీవైరస్ లేకుండానే నడిపిస్తున్నా. నెట్ వైరే పెట్టను, వైఫై ఆఫ్. నెట్ లేనప్పుడు వైరస్ ఎక్కడి నుంచి వస్తుంది?

కృష్ణానగర్_మిక్సర్

తమ్ముడూ, ఆగు. తీసేయడానికి ముందు ఆ చప్పుడు ఎవరు చేస్తున్నారో పట్టుకోవాలి కదా. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందులు మార్చుకుంటూ పోతే ఎలా?

ముందు లెక్క చూడు. ఒక మైకు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటే సెకనుకు 48,000 శాంపిల్స్ (శబ్దాన్ని కొలిచిన అంకెలు), ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 144 కేబీ. ఎనిమిది మైకులు పెట్టినా సెకనుకు 1.2 ఎంబీ దాటదు. ఇంత చిన్న ప్రవాహాన్ని రాసుకోవడానికి డిస్కుకు కష్టం లేదు, యాంటీవైరస్ దాన్ని చూస్తూ కూర్చున్నా పెద్ద తేడా పడదు. అసలు సమస్య టైమింగ్‌ది. నీ బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కోసారి అందించే శబ్దం ముక్క, 128 శాంపిల్స్ అనుకో, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.67 మిల్లీసెకన్లు. ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒకసారి కంప్యూటర్ చేతిలో పని ఆపి ఆడియో అందించాలి. ఆ సమయంలో వేరే ఏ డ్రైవరో (ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) ప్రాసెసర్‌ను పట్టుకుని వదలకపోతే ఆ ఒక్క ముక్క ఆలస్యమవుతుంది, అదే టిక్. ప్రాసెసర్ వాడకం 15 శాతమే చూపిస్తున్నా టిక్ ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతుంటారు, కారణం ఇదే.

లేటెన్సీమాన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వేసి ఓ ఇరవై నిమిషాలు వదిలేయ్. ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టుకుంటుందో పేరుతో సహా చెబుతుంది. ఆ స్క్రీన్ ఫొటో తీసి ఇక్కడ పెట్టు. అది చూసేదాకా ఏదీ పీకకు.

రాత్రి_షిఫ్ట్

మిక్సర్ అన్న మాటే నాదీ. గచ్చిబౌలిలో నా ఉద్యోగమే సెక్యూరిటీ, ఇంటికొచ్చాక గిటార్ రికార్డ్ చేసుకుంటాను కాబట్టి ఈ రెండు బాధలూ నాకు తెలుసు.

కీబోర్డ్ భాయ్, నెట్ లేకపోవడం మంచిదే, కాదనను. కానీ మీ దగ్గరికి పాడటానికి వచ్చేవాళ్లు ట్రాక్ ఎందులో తెస్తారు? పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ అంతకుముందు ఏ జిరాక్స్ సెంటర్‌లో పెట్టారో మీకు తెలుసా? ఇక ప్లగిన్లకు, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లకు, లైసెన్స్ ఇవ్వాలన్నా ఎప్పుడో ఒకసారి నెట్ పెట్టక తప్పదు. ఆ ఒక్క పూటే చాలు, ఆరేళ్లుగా అప్‌డేట్ లేని విండోస్ అయితే ఇంకా సులువు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు దానికి మందు అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చేసి ఉంది. వేసుకోని కంప్యూటర్లే పోయాయి.

డప్పు అన్నా, మీకు రెండు ప్రశ్నలు. విండోస్ 10 అన్నారు, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నారా? చేసుకున్నా 2026 అక్టోబర్ 13 వరకే. మీది 8వ తరం కాబట్టి విండోస్ 11కు మారొచ్చు, 7వ తరం అయి ఉంటే దాదాపు కుదిరేది కాదు. రెండోది, మొహమాటం లేకుండా చెప్పండి, మీ దగ్గర క్రాక్ ప్లగిన్లు, అంటే డబ్బు కట్టకుండా లైసెన్స్ తాళం విరగ్గొట్టినవి, ఉన్నాయా?

డప్పు_యూసుఫ్‌గూడ

ఉన్నాయన్నా. ఒక రివర్బ్, ఒక కంప్రెసర్, ముందే రికార్డ్ చేసిన వాయిద్యాల శబ్దాలు వాయించే ఒక పెద్ద శాంపిల్ ప్లేయర్. ఒక ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్ చేయండి" అని టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంటే ఆఫ్ చేశాను. తర్వాత ఆన్ చేశానో లేదో కూడా గుర్తు లేదు.

రాత్రి_షిఫ్ట్

దాచకుండా చెప్పారు, థాంక్స్ అన్నా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. "ముందు తాళం తీసి పెట్టండి, తర్వాత మేం వస్తాం" అని ఎవరైనా చీటీ పంపితే తలుపు తీస్తామా?

సరిగ్గా మన గురించే ఒక కేసు ఉంది. 2019లో ఈసెట్ అనే యాంటీవైరస్ కంపెనీ పరిశోధకులు లౌడ్‌మైనర్ అనేదాన్ని బయటపెట్టారు. క్రాక్ చేసిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లు, వీఎస్‌టీ ప్లగిన్లలో పెట్టి పంచారు, విండోస్‌కూ మ్యాక్‌కూ రెండింటికీ. ఇన్‌స్టాల్ చేస్తే ప్లగిన్ మామూలుగానే పనిచేస్తుంది, వెనకాల మాత్రం కంప్యూటర్ లోపల ఇంకో చిన్న కంప్యూటర్ నడిచినట్టు వర్చువల్ మెషీన్ నడుస్తూ మొనెరో అనే క్రిప్టో నాణేలు తవ్వుతుంది. మ్యూజిక్ వాళ్లనే ఎందుకు ఎంచుకున్నారంటే, మన కంప్యూటర్లలో మంచి ప్రాసెసర్లు ఉంటాయి, ఫ్యాన్ గట్టిగా తిరిగినా "ప్లగిన్లు ఎక్కువయ్యాయి కదా" అని మనమే సర్దిచెప్పుకుంటాం. అంటే సెక్యూరిటీ తీసేస్తే స్పీడ్ పెరుగుతుందనుకుని తీసేసినవాళ్ల స్పీడే పోయింది.

ఒగ్గుబిడ్డ

నేను ఇక్కడ చదవడమే తప్ప రాసేది తక్కువ. కానీ ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్న ఒగ్గు కథ చెప్పేవారు, మాది జనగామ వైపు. 2019లో ఆయనకు ఒంట్లో బాగున్నప్పుడు ఉప్పల్‌లో మా ఇంటికి తీసుకొచ్చి, దుప్పట్లు కిటికీలకు కట్టి, ఒకే మైకు పెట్టి పదకొండు ఫైళ్లు రికార్డ్ చేశాను, దాదాపు ఆరు గంటలు. మల్లన్న కథ, బీరప్ప కథ. తర్వాతి ఏడాది ఆయన పోయారు. 2021లో ఆ రికార్డింగులు శుభ్రం చేద్దామని నాయిస్ తీసే ప్లగిన్ ఒకటి వెతికాను, కొనే స్తోమత లేదు, క్రాక్ దొరికింది. రాత్రి ఇన్‌స్టాల్ చేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఫోల్డర్‌లో ప్రతి ఫైల్ పేరు చివర ఏవో నాలుగు అక్షరాలు అతుక్కుని ఉన్నాయి, ఐకాన్లన్నీ తెల్లకాగితంలా అయిపోయాయి. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైల్. ఫైళ్లకు తాళం వేశాం, తెరవాలంటే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో అయితే 490 అని. బ్యాకప్ డిస్క్ ఉంది, కానీ అది ఎప్పుడూ యూఎస్‌బీకి తగిలించే ఉంచేవాణ్ని, కాబట్టి అందులోవీ పోయాయి. ఎమ్సిసాఫ్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల ఉచిత డిక్రిప్టర్ (ఆ తాళం విప్పే టూల్) వేసి చూశాను, మీది ఆన్‌లైన్ కీ, అంటే తాళంచెవి ఆ దొంగల దగ్గరే ఉంది, కుదరదు అని వచ్చింది. వాట్సాప్‌లో చెల్లెలికి పంపిన రెండు నిమిషాల ముక్క ఒక్కటే మిగిలింది.

అన్నా, యాంటీవైరస్ ఉంచండి. క్రాక్ తీసేయండి. బ్యాకప్ డిస్క్ పని అయ్యాక పీకి బీరువాలో పెట్టండి. ఇంతే చెప్పగలను.

వీణ_చిక్కడపల్లి

బాబూ, చదువుతుంటే గుండె పిండేసినట్టైంది. నేను వీణ క్లాసుల రికార్డింగులన్నీ ఒకే డిస్కులో పెట్టాను, ఈ పూటే ఇంకోటి కొంటాను.

మ్యాక్ వాళ్లకు ఒక మాట. మాకు వైరస్ రాదనే ధీమా వద్దు, పైన చెప్పిన కేసులో మ్యాక్ కూడా ఉంది. గేట్‌కీపర్, ఎక్స్‌ప్రొటెక్ట్ అనే కాపలా ప్రోగ్రామ్‌లు మ్యాక్‌లోనే వస్తాయి, వాటివల్ల నా మ్యాక్ మినీలో రికార్డింగ్‌కు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. టెర్మినల్ తెరిచి ఈ లైన్ అతికించండి, అప్పుడు ప్లగిన్ తెరుచుకుంటుంది అని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోండి. కొత్త మ్యాక్ ఓఎస్ రాగానే మాత్రం ఎగబడి వేయను. నా ప్లగిన్ల వాళ్లు సరిపోతుందని చెప్పేదాకా పాతదాంట్లోనే ఉండి, ఆ పాతదానికి వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వేసుకుంటాను.

డప్పు_యూసుఫ్‌గూడ

లేటెన్సీమాన్ వేశాను. ఎర్రగా వచ్చింది. పైన ఎన్‌డీఐఎస్ డాట్ సిస్ అని ఉంది, 4,100 మైక్రోసెకన్లు. డిఫెండర్ పేరు ఎక్కడా లేదు. ఇంకో విషయం, డిఫెండర్ తెరిచి చూస్తే అసలు అది ఆఫ్‌లో ఉంది, కంప్యూటర్ కొన్నప్పుడు షాపులో వేసిచ్చిన వేరే యాంటీవైరస్ ట్రయల్ ఒకటి గడువు అయిపోయి కూడా కూర్చుని ఉంది. నేను దాన్ని గమనించనే లేదు.

కృష్ణానగర్_మిక్సర్

దొరికింది. 4,100 మైక్రోసెకన్లు అంటే 4.1 మిల్లీసెకన్లు. నీ బఫర్ 2.67. అంతసేపు ఆడియో గుమ్మం బయట నిలబడిందన్నమాట. ఎన్‌డీఐఎస్ అంటే నెట్‌వర్క్ వైపు పని. వైఫై ఎలా వస్తుంది నీకు? లోపల కార్డా, బయట డాంగిలా?

డప్పు_యూసుఫ్‌గూడ

చిన్న యూఎస్‌బీ డాంగిల్ అన్నా. ఇంటర్‌ఫేస్ పక్కనే, ఒకే హబ్‌లో.

కృష్ణానగర్_మిక్సర్

ముందు హబ్ తీసేయ్. ఇంటర్‌ఫేస్ నేరుగా మదర్‌బోర్డు వెనక పోర్టులో పెట్టు. డాంగిల్ రికార్డింగ్ టైమ్‌లో పీకేయ్, లేదా కుదిరితే లాన్ వైరు లాక్కో. పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్, అందులోనే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిసేబుల్. గడువు అయిపోయిన ఆ యాంటీవైరస్‌ను వాళ్ల సొంత రిమూవల్ టూల్‌తో తీయాలి, ఎందుకంటే నెట్‌వర్క్‌ను వడపోసే డ్రైవర్లు కూడా అది వేసి ఉంటుంది, మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఒక్కోసారి అవి మిగిలిపోతాయి. అది పోయాక డిఫెండర్ దానంతట అదే లేస్తుంది, ఆన్ అయిందో లేదో మాత్రం చూసుకో.

ఇంకోటి, పాడేటప్పుడు 128, మిక్సింగ్‌కు 512 లేదా 1024 పెట్టుకో. మిక్సింగ్‌లో కూడా 128లో కూర్చుని కంప్యూటర్ బాలేదని తిట్టేవాళ్లను నా దగ్గర రోజూ చూస్తాను.

రాత్రి_షిఫ్ట్

ఇప్పుడు డిఫెండర్ సంగతి. దాన్ని ఆఫ్ చేయకుండా రికార్డింగ్‌కు అడ్డం రాకుండా చేసుకోవచ్చు. పాట ఓపెన్ చేసినప్పుడు శాంపిల్ ప్లేయర్ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు తెరుస్తుంది, డిఫెండర్ ఒక్కోదాన్నీ చూసి వదులుతుంది, ఆలస్యం అక్కడ తెలుస్తుంది. అందుకని విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కింద ఎక్స్‌క్లూజన్స్‌కు వెళ్లి రెండే రెండు ఫోల్డర్లు చేర్చండి: ప్రాజెక్టులు పెట్టేది, శాంపిల్స్ పెట్టేది. అంతకు మించి వద్దు.

ప్లగిన్ల ఫోల్డర్ చేర్చమని యూట్యూబ్‌లో చాలామంది చెబుతారు, చేర్చకండి. శాంపిల్ అంటే శబ్దం, ప్లగిన్ అంటే ప్రోగ్రామ్. వచ్చే రోగం ప్రోగ్రామ్‌లోనే వస్తుంది. అలాగే డౌన్‌లోడ్స్ ఫోల్డర్, సీ డ్రైవ్ మొత్తం, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎక్స్‌క్లూడ్ చేసిన ఫోల్డర్‌లో డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైళ్లు విప్పొద్దు, అక్కడ కాపలా ఉండదు కాబట్టి. ఎవరైనా పెన్‌డ్రైవ్ తెస్తే దానిమీద రైట్ క్లిక్ కొట్టి స్కాన్ చేశాకే కాపీ. ఎక్కడి నుంచో వచ్చిన ఇన్‌స్టాలర్ మీద అనుమానం ఉంటే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్‌లో వేసి చూడండి, 650 ఎంబీ వరకు తీసుకుంటుంది, వ్యక్తిగత ఫైళ్లు మాత్రం వేయకండి.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఇంకో ఆప్షన్ ఉంది, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లను కాపాడుతుంది. నేను ఆన్‌లో పెట్టుకున్నాను. ఆన్ చేయగానే రీపర్ "సేవ్ అవలేదు" అంటే కంగారు పడకండి, అనుమతి ఉన్న యాప్‌ల జాబితాలో రీపర్‌ను చేర్చితే సరి. ఈ పని సెషన్ మధ్యలో కాకుండా ముందు రోజే చేసుకోండి.

అప్‌డేట్లు ఆపేయడం కాదు, టైమ్ మనం పెట్టుకోవాలి. యాక్టివ్ అవర్స్ రోజుకు 18 గంటల దాకా పెట్టొచ్చు, ఆ టైమ్‌లో తనంతట తాను రీస్టార్ట్ అవదు. బోనాల పని ఒత్తిడిలో ఉన్నప్పుడు ఐదు వారాల దాకా పాజ్ కూడా చేయొచ్చు, పాటలు ఇచ్చేశాక తప్పకుండా వేయండి. ఇంకా, రోజువారీ పనికి అడ్మిన్ కాని అకౌంట్ పెట్టుకోండి. రీపర్ దాంట్లో చక్కగా నడుస్తుంది, ఏదైనా కొత్తగా ఇన్‌స్టాల్ కావాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ ఒక్క క్షణం మనల్ని ఆలోచింపజేస్తుంది.

మీ కంప్యూటర్‌లో క్రాక్‌లు డిఫెండర్ ఆఫ్ చేసి వేశారు కాబట్టి, స్కాన్‌లో ఏమీ రాకపోయినా నేనైతే నమ్మను. ప్రాజెక్టులు, ఆడియో బయటికి కాపీ చేసుకుని, విండోస్ 11 మొదటి నుంచి శుభ్రంగా వేసుకోండి. బ్యాంకు పాస్‌వర్డ్ ఈ రోజే, ఆ కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

పెండ్లి_కీబోర్డ్

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మొన్న ఒకాయన పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయ్యాయి, మామూలే అనుకున్నా. అది వైరసే కదా?

రాత్రి_షిఫ్ట్

వైరసే భాయ్. ఆ షార్ట్‌కట్లు క్లిక్ చేయకండి, కంప్యూటర్‌కు ఫుల్ స్కాన్ పెట్టండి, తర్వాత నెట్ లేని డిఫెండర్‌కు కూడా అప్‌డేట్ ఫైల్ వేరే కంప్యూటర్‌లో దించుకుని వేయొచ్చు, ఎలాగో మెసేజ్‌లో చెబుతాను.

కృష్ణానగర్_మిక్సర్

ఒగ్గుబిడ్డ తమ్ముడూ, రాత్రంతా నీ పోస్టే గుర్తొచ్చింది. ఆ పాడైన ఫైళ్లు ఇంకా ఉన్నాయా, డిలీట్ చేశావా?

ఒగ్గుబిడ్డ

ఉన్నాయన్నా. డిస్క్ పారేయడానికి చేయి రాలేదు. బీరువాలో ఉంది.

కృష్ణానగర్_మిక్సర్

అయితే విను. నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే అది స్టాప్ దేజావూ అనే రాన్సమ్‌వేర్ రకం. అది తొందరలో ఉంటుంది, ఫైల్ మొత్తాన్ని లాక్ చేయదు, ముందున్న 150 కేబీ చిల్లర మాత్రమే చేస్తుంది. డాక్యుమెంట్‌కు అంత చాలు చచ్చిపోవడానికి. వేవ్ ఫైల్ అలా కాదు. ముందు ఫైల్ వివరాలుండే చిన్న హెడర్, తర్వాత అంతా వరసగా శబ్దమే. 24 బిట్ మోనో అయితే సెకనుకు 144 కేబీ అని పైన లెక్క వేశాం కదా, అంటే పోయేది దాదాపు ఒక్క సెకను.

శుభ్రమైన కంప్యూటర్‌లో డిస్క్ పెట్టి, ముందు స్కాన్ చేసి, పాడైన వేవ్ ఫైళ్లు మాత్రం కాపీ చేసుకో. అసలైనవాటిని ముట్టుకోకు. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైల్, ఇంపోర్ట్, రా డేటా. సైన్డ్ 24 బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, ఒక చానల్, 48000. స్టార్ట్ ఆఫ్‌సెట్ (ఎన్ని బైట్లు వదిలి మొదలుపెట్టాలో) 0 పెట్టు. ఒక్కో శాంపిల్ 3 బైట్లు కాబట్టి మొదలు తప్పితే మొత్తం బుస్ మంటుంది, భయపడకు, 1 పెట్టు, తర్వాత 2 పెట్టు. మూడింట్లో ఒకటి కుదరాలి.

డప్పు_యూసుఫ్‌గూడ

నాలుగు రోజులైంది. విండోస్ 11 శుభ్రంగా వేశాను, క్రాక్‌లు ఒక్కటీ లేవు, రీపర్‌తో వచ్చే రివర్బ్, కంప్రెసర్ వాడుతున్నాను, డప్పుకు అవే సరిపోయాయి. డాంగిల్ పీకేసి ఇంటర్‌ఫేస్ నేరుగా పెట్టాను. లేటెన్సీమాన్‌లో ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ 310 మైక్రోసెకన్లు. డిఫెండర్ ఆన్‌లోనే ఉంది. నిన్న అదే అక్కను మళ్లీ పిలిచాను, 128 బఫర్‌లో రెండు పాటలు, రాగం నిలబెట్టిన చోట హెడ్‌ఫోన్స్‌లో చెవి పెట్టి విన్నాను, ఒక్క టిక్ లేదు. రీపర్ లైసెన్స్ 60 డాలర్లు, బోనాల డబ్బులు రాగానే కొనేస్తాను. ఒగ్గుబిడ్డ అన్నా, మీ ఫైళ్లు ఏమయ్యాయి?

ఒగ్గుబిడ్డ

ఇప్పుడే కూర్చున్నాను, చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి.

ఆఫ్‌సెట్ 0 పెడితే బుస్. వేవ్‌ఫామ్ పైనుంచి కిందిదాకా గోడ కట్టినట్టు నిండిపోయింది. 1 పెడితే అదే గోడ. ఇక కాదనుకున్నాను. 2 పెట్టాను. మొదట్లో సన్నటి ముక్క ఒకటి గోడలా ఉండి, ఆ తర్వాత గీత పల్చబడి, మాటలు ఉన్నచోట లేచి, లేనిచోట పడుకుని, అచ్చం మనిషి మాట్లాడుతున్నట్టు కనబడింది. నొక్కాను. ఒక సెకను బర్ మంది. తర్వాత నాన్న గొంతు సవరించుకుని "ఎర్ర బటన్ నొక్కినవా బిడ్డా" అని అడిగారు. ఆ మాట అడిగారన్న సంగతే నాకు గుర్తు లేదు. తర్వాత డోలు. అమ్మను లేపి హెడ్‌ఫోన్స్ పెట్టాను.

పదకొండులో తొమ్మిది వచ్చాయి అన్నా. రెండు కొత్త డిస్కులు తెచ్చాను, ఒకటి చెల్లెలి ఇంట్లో పెడతాను. మిగిలిన రెండు ఫైళ్లు 0, 1, 2 ఏది పెట్టినా బుస్ మంటున్నాయి. అవి మొదటి రోజు రికార్డ్ చేసినవి.

కృష్ణానగర్_మిక్సర్

మొదటి రోజంటే సెట్టింగ్ మార్చకముందువి అయి ఉంటాయి తమ్ముడూ. 16 బిట్, 44100, ఒక చానల్ పెట్టు, ఆఫ్‌సెట్ 0 చాలు. గొంతు మరీ వేగంగా గానీ నిదానంగా గానీ వస్తే 48000కి మార్చు. నేను మేలుకునే ఉన్నా, ఏమైందో రాయి.